వెనక సీటు వణుకు

ఏడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని నేను. అట్లాంటిదాన్ని ఇప్పుడు రోజూ నలుగురు టీచర్లను బడికి తోలుకపోతాండా. వాళ్లు ఆలస్యమైతే హారన్ కొట్టి గదమాయించేది కూడా నేనే. ఒకప్పుడు ఆలస్యంగా వచ్చినానని నన్ను ఎండలో నిలబెట్టిన టీచరు ఇది చూసుంటే, కొంచెం నీడపట్టున నిలబెట్టి ఉండునేమో.

పొద్దున్నే కడపలో ఎక్కించుకుంటాను. మైదుకూరు దాటినాక హైవే పక్క పల్లెల్లో ఒక్కొక్కరినీ వాళ్ల బడి ముందర దించుతాను. సాయంత్రం అదే దారిలో ఏరుకుంటూ వస్తాను. ముందు సీటు పెద్దమేడందే. అది ఎవరూ ఇయ్యలేదు, సర్వీసుతో పాటు వచ్చింది. వెనక ముగ్గురు. వాళ్లలో అందరికంటే చిన్నది ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది, ఐదో నెల కడుపుతో ఉండాది.

కారు నా సొంతం. నాకంటే ముందు ఎవరెవరి చేతుల్లోనో తిరిగొచ్చిన పాత కారే, కానీ ఇప్పుడు నాది. ఒంటిమిట్ట కల్యాణానికి పోయేవాళ్లు, మహానందిలో మునిగొచ్చేవాళ్లు, గండికోట లోయ అంచున నిలబడి ఫొటోలు దిగి ఇంట్లోవాళ్ల ప్రాణాలు తీసేవాళ్లు, వీళ్లంతా వస్తే వస్తారు, రాకుంటే లేదు. టీచర్ల ట్రిప్పు ఒక్కటే సెలవులు పోను రోజూ ఉండేది. అది పోతే నా కారు వాకిట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునేదానికి పనికొస్తాది.

అందుకే ఒక సోమవారం సాయంత్రం పెద్దమేడం గొంతు సవరించుకునేసరికి నా చెవులు నిక్కినాయి.

"పాపా, వెనకాల సీటు అదురుతాందంట."

"ఎవరు చెప్పినారు మేడం?"

"వెనకాల కూచున్నోళ్లు."

అద్దంలో చూసినాను. ముగ్గురూ కిటికీల్లోంచి పొలాలు చూస్తాండారు. మా సీమలో ఎండాకాలం పొలాల్లో అంతగా చూసేదానికి ఏముంటాదో నాకు తెలియదు.

"ఏం పాపా, అదురుతాందా?" అని చిన్నదాన్ని అడిగినాను.

"కొంచెం అక్కా. శానా ఏం కాదు. హైవే ఎక్కినాక, నువ్వు స్పీడు పోయేటప్పుడు. నడుం కింద గిలగిలా అంటాది." ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని చెప్పింది. ఆ చెయ్యి చూసినాక స్పీడు తగ్గించినా.

నాకేమో ఏమీ తెలియడంలేదు. స్టీరింగ్ నా చేతుల్లో గమ్మున ఉండాది. మరుసటి రోజు హైవే మీద డెబ్బై దాటినప్పటినుంచి ఊపిరి బిగబట్టి చూసినాను. ఎక్కడో చిన్నగా గుంయ్ అని ఉన్నట్టు అనిపించింది. అది కారుదా, నా గుండెదా తేల్చుకోలేకపోయినా.

టైర్ల షాపుకు పోయినాను. ఆ షాపాయన ముందు చక్రాలు రెండూ పీకి, బ్యాలెన్సింగ్ మిషనుకు ఎక్కించి తిప్పి, బరువు సరిపోయేదానికి అంచులకు సీసం ముక్కలు కొట్టి, అలైన్‌మెంట్ చేసి, "ఇంక పట్టుచీర మీద పోయినట్టు పోతాది పో" అన్నాడు.

"వెనకవి చూడవా?"

"వెనకవి ఎందుకమ్మా? మలుపు తిరిగేది ముందు చక్రాలే కదా. వెనకవి ఊరికే వెంట వస్తాయి."

మగవాళ్ల మాదిరి మాట్లాడతాండాడే అనుకున్నా గానీ అనలేదు. మిషను ఆయనది.

మరుసటి రోజు వెనక సీటు అంతే అదిరింది. మళ్లీ షాపుకు పోతే ఈసారి కారు కిందికి దూరి బయటికి వచ్చి, "కింద ఆర్ములు మార్చాల, బుష్షులు మార్చాల, స్టీరింగ్ కింద కీళ్లు మార్చాల" అని మొదలుపెట్టినాడు. ఇంకొంచెంసేపు ఉండుంటే డ్రైవర్‌ను కూడా మార్చాలనేవాడు.

"చెడిపోయింది ఏదో చూపించు. చూపిస్తే మారుస్తా."

జాకీ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపినాడు. అది ఊగలేదు. పక్కలు పట్టి ఊపినాడు. అప్పుడూ ఊగలేదు. ఆయనే ఊగినాడు.

"చూపించలేకపోయినావు కదన్నా. నొప్పి లేని పన్ను పీకించుకునేదాన్ని కాదు నేను" అని కారు వెనక్కి తీసినాను. వెనకనుంచి ఏదో అన్నాడు. కిటికీ అద్దం ఎత్తేసినా.

ఈలోపల సంగతి టాక్సీ స్టాండుకు చేరింది. ఎట్లా చేరిందో అడగొద్దు, మా స్టాండుకు పేపరు కంటే ముందు వార్తలు వస్తాయి. ఆడ అందరికీ పెద్ద ఒకాయన ఉండాడు. స్టాండు పుట్టకముందునుంచి స్టాండులోనే ఉన్నట్టు మాట్లాడతాడు. నేను కారు నిలపగానే టీ గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి బానెట్ మీద మోచెయ్యి పెట్టినాడు.

"ఏం పాపా, కారుకు చలిజరం వచ్చిందంట?"

"వచ్చిందన్నా. నీకు తగులుకుంటాది, చెయ్యి తియ్యి."

అందరూ నవ్వినారు. ఆయన నవ్వలేదు. "నేను చెప్తా విను. జబ్బు కారుది కాదు, నీ చేతులది. ఆడమనిషికి హైవే అంటే లోపల బెదురు ఉంటాది. స్టీరింగ్ బిగబట్టుకుంటావు. నీ వణుకు కారుకు ఎక్కుతాది."

"నా చేతులది అయితే స్టీరింగ్ కదా అదరాల, సీటెందుకు అదురుతాదన్నా? నేనేమన్నా సీటు పట్టుకుని తోలుతాండానా?"

"అన్నిటికీ ఎదురు. పోనీ, కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినావా?"

"మేము చర్చివాళ్లం కదన్నా. పాస్టరుగారితో ప్రార్థన చేయించినాం. ఎంత పొడుగు ప్రార్థన అంటే, ఇంజను ఆన్‌లో పెట్టింటే అది అయిపోయేసరికి ట్యాంకు ఖాళీ అయ్యేది."

నవ్వించినాను, నిజమే. కానీ గురువారం సాయంత్రం నన్ను ఎవరూ నవ్వించలేదు. ముగ్గురూ దిగినాక పెద్దమేడం దిగకుండా కూచుంది. పర్సు జిప్పు తీస్తాది, వేస్తాది.

"ఏం అనుకోవద్దు పాపా. సోమవారంనుంచి స్టాండులో పెద్దాయన్ను రమ్మన్నాము. చిన్నపిల్ల పరిస్థితి నీకు తెలుసు. వాళ్ల అత్త రోజూ ఫోన్ చేస్తాంది. రేపేదన్నా అయితే నేనే కదా సమాధానం చెప్పాల్సింది?"

అదీ సంగతి. బానెట్ మీద మోచెయ్యి ఎందుకు పెట్టినాడో అప్పుడు అర్థమైంది. నా ట్రిప్పుకు తన కారు సరిపోతాదా అని కొలత తీసుకుంటాండాడు.

"మేడం, కారు బాగలేదంటే ఒప్పుకుంటా. నా చేతులు బాగలేదంటే ఒప్పుకోను. మీకు ఏం చెప్పినాడు ఆయన?"

మేడం జిప్పు వేసేసింది. ఆ చప్పుడే జవాబు.

"అట్లయితే ఒక పని చెయ్యండి. శనివారం చిన్నపాప సెలవు పెడతాందన్నారు కదా. ఆ పొద్దు నా కారు ఆయన్నే తోలమనండి. చిన్నపాప తావులో వెనకాల నేను కూచుంటా. ఆయన చేతుల్లో అదరకుంటే, సోమవారం నేనే మిమ్మల్ని ఆయన కారులో ఎక్కించి డోరు వేసి పోతా."

ఇంటికి పోయి చెప్తే మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయినాడు. మా ఊరికి ఆనుకునే ఉన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని ఆయనది. ఇంటికి వచ్చేటప్పుడు తెల్లపిండితో మునిగి పిండివంట మాదిరి వస్తాడు.

"ఆయనకెందుకు తాళాలు ఇస్తావు మే? ఏమన్నా చేసి పెడతాడు."

"ఏం చేస్తాడు? ఉన్నదానికంటే ఎక్కువ అదిరిస్తాడా?"

"మనకెందుకు పంతం? ఆ ట్రిప్పు పోతే ఇంకోటి వస్తాది."

"ట్రిప్పు పోతే పోనీ. అది నా చేతులవల్ల పోయిందనే మాట పోదు. రేపు ఇంకో ఆడపిల్ల స్టాండులోకి కారు తెస్తే, నా పేరు చెప్పి దాన్ని ఇంటికి పంపుతారు."

ఆయన అన్నం తిన్నాడు. ఆయన ఒప్పుకున్నప్పుడు తింటాడు, ఒప్పుకోనప్పుడు కూడా తింటాడు, అందుకని నాకు ఏదీ తెలియలేదు.

శనివారం పెద్దాయన గంధం బొట్టు పెట్టుకుని వచ్చినాడు. నా సీట్లో కూచుని, సీటు వెనక్కి జరిపి, అద్దం తిప్పి, రేడియో ఆపి, నాకు మండే పనులన్నీ వరసగా చేసినాడు. నేను వెనకాల నడుమ ఇరుక్కుని కూచున్నా. ఆ తావులో నేను కూచునింది అదే మొదటిసారి. నా కారు వెనకనుంచి ఎంత ఇరుకో, ముందున్న తలకాయలు ఎంత పెద్దవో ఆ పొద్దే తెలిసింది.

హైవే ఎక్కినాడు. అరవై. అరవై మీదనుంచి ముల్లు కదలదు. కారు నున్నగా పోతాంది.

"చూసినారా మేడం? మనిషి చేతిలో ఉండాది అంతా" అన్నాడు.

పెద్దమేడం సంతోషపడినట్టు కూడా లేదు, నా పక్క తిరగలేదు. నాకు మాత్రం అప్పుడే వెలిగింది. ఈయనకు తెలుసు. అరవైలో అదరదని తెలుసు. చిన్నపాప మొదటిరోజే చెప్పింది కదా, స్పీడు పోయేటప్పుడని. ఆ మాట కూడా స్టాండుకు చేరినట్టుంది.

"అన్నా, ఇది పెండ్లికూతురి ఊరేగింపా? వెనకాల బ్యాండు మేళం కనపడదే?"

అద్దం ఇంకొంచెం తిప్పుకున్నాడు.

"అన్నా, మనల్ని ఒక మోపెడ్ దాటుకుంటాంది. మీద ముగ్గురుండారు, ఒక మేక కూడా."

పక్కనున్న మేడం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నా, వెనకాల శనగల ట్రాక్టరు హారన్ కొడతాంది. పాపం, దానికి అర్జెంటు పని ఉన్నట్టుంది, దారి ఇయ్యి."

ఆయన చెవులు ఎర్రబడినాయి. "నీకు స్పీడు కావాలంతే కదా? ఇంద!" అని తొక్కినాడు.

డెబ్బై. ఎనభై. నా కింద ఏదో మేలుకుంది. మొదట తేనెపట్టు పక్కన నిలబడినట్టు గుంయ్ మని, తర్వాత కూచున్నచోటనుంచి నడుందాకా గిలగిల. తొంభైకి పోయేసరికి పక్కనున్న మేడం చేతిలో స్టీలు బాక్సు మూత టకటక కొట్టుకుంటాంది. నా పండ్లు కూడా. చిన్నపాప రోజూ దీని మీద కూచుని "శానా ఏం కాదు" అన్నదా! నా కారే, కానీ నాకు సిగ్గనిపించలేదు, కోపం వచ్చింది. ఆ అదురుతో తేల్చుకోవాలనిపించింది.

"అన్నా, నీ చేతులు గానీ వణుకుతాండాయా?"

"రోడ్డు బాగలేదు!"

"స్టీరింగ్ అదురుతాందా? నిజం చెప్పు, ఒట్టు."

ఆ మాట ఆయన పౌరుషానికి తగిలింది. "నా చేతుల్లో స్టీరింగ్ అదరడమా? రాయి మాదిరి ఉండాది. కావాలంటే చూడు" అని రెండు వేళ్లతో పట్టుకుని చూపించినాడు.

"మెల్లగా బ్రేకు తొక్కు."

తొక్కినాడు. బ్రేకుతో అదురు పెరగలేదు. స్పీడుతో పాటు దిగి, డెబ్బైకి వచ్చేసరికి తనంతట తనే పోయింది. నేను చెప్పులిడిసి పాదాలు కింద ఆనించి చూస్తూనే ఉండా. స్టీరింగ్ రాయి మాదిరి, సీటు జల్లెడ మాదిరి. అంటే ముందు చక్రాల్లో ఏమీ లేదు. వెనకవి. ఊరికే వెంట వస్తాయి అని షాపాయన ముట్టుకోకుండా వదిలేసిన వెనకవి.

పెద్దమేడం బడి కాడ దిగినాక పెద్దాయన తాళాలు నా చేతికి ఇస్తూ, "కారు మంచిది కాదు పాపా, అమ్మేసెయ్" అన్నాడు. ఎక్కేటప్పుడు చేతులు మంచివి కాదన్న మనిషి, దిగేటప్పటికి కారుకు వచ్చినాడు. అంతమటుకు గెలిచినా.

కానీ పెద్దమేడం, "నీ చేతులది కాదు, ఒప్పుకుంటా. కానీ అదురుతాంది కదా? సోమవారం ఆయన వస్తాడు" అనేసింది. న్యాయమే అడిగింది. న్యాయమైన మాటకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు, అందుకని ఇంకా మంట పుట్టింది.

ఆదివారం చర్చినుంచి వచ్చి చీర కూడా మార్చకుండా, ముందు చక్రాలకు అడ్డంగా రాళ్లు పెట్టి, వెనకపక్క జాకీ పెట్టినా. మా ఆయన పానాతో నట్లు విప్పినాడు. ఎడమ చక్రం ఊడొచ్చింది. బయటి పక్క అద్దం మాదిరి మెరుస్తాంది, నేను రోజూ తుడిచేదే కదా. తిప్పి పడుకోబెట్టినాం.

లోపలి పక్క, రిమ్ము గుండ్రానికి ఒకవైపున మాత్రం, గిన్నె అడుగున మాడిన సంగటి మాదిరి తెల్లగా, దిట్టంగా ఒక పెచ్చు పట్టుకుని ఉండాది. గోటితో గీరినా. గోరు విరిగింది గానీ అది రాలేదు.

"ఏంది ఇది?" అన్నా.

మా ఆయన వంగి, వేలితో తట్టి, ఆ వేలు చూసుకుని, లేచి నిలబడినాడు.

ఆ తెల్లదనం నాకు తెలియనిదా! రోజూ ఆయన చొక్కాలోంచి ఉతికేదే. బండలు పాలిష్ పట్టేటప్పుడు కారే తెల్ల బురద. ఎండితే సిమెంటుకు తమ్ముడు. అందుకే మా పక్క దాన్ని ట్రాక్టర్లతో తెచ్చి గుంతల వాకిళ్లు చదును చేసుకుంటారు. వెనకటి వారం నేను ట్రిప్పుకు పోయినప్పుడు మా ఆయన కూడా ఒక ట్రాలీ పోయించి, నా కారు నిలబడేదానికి ఇంటి పక్కన నున్నగా అరుగు మాదిరి చదును చేసి పెట్టినాడు. నాకు చెప్పకుండా, సంతోషపెడదామని. నేను సాయంత్రం వచ్చి, పైన ఎండిందనుకుని, దర్జాగా వెనక్కి తీసుకుంటూ దాని మీదికి ఎక్కించినా. లోపల పచ్చిగా ఉన్నట్టుంది, వెనక చక్రాలు రిమ్ముల దాకా దిగబడినాయి. మరుసటి పొద్దున నలుగురు వచ్చి తోసినారు. పైపైన నీళ్లు కొట్టి కడిగినాం. రాత్రంతా లోపలికి చేరి అడుగున గడ్డకట్టింది మాత్రం ఎవరికి కనపడతాది?

"ఏమయ్యా, వాకిట్లో చాలలేదని చక్రంలో కూడా అరుగు కట్టినావే!"

"నీకోసమే కదా పోయించింది..." అన్నాడు, వేలికంటిన పిండి లుంగీకి తుడుచుకుంటూ.

"తెలుసులే. ఏడవొద్దు. ఉలి తీసుకురా."

బండ పగలకుండా పొర లేపడం ఆయన రోజూ చేసే పనే. రిమ్ము మీద నీళ్లు పోసి నానబెట్టి, ఉలి పక్కవాటంగా పెట్టి, ఇనుముకు గీత పడకుండా తట్టుకుంటూ పోయినాడు. పెచ్చులు పెచ్చులుగా లేచింది. కుడి చక్రంలో ఇంకా ఎక్కువ ఉండింది. ఇంత బరువు ఒకే పక్కన పెట్టుకుని చక్రం తిరుగుతాంటే సీటు అదరకుండా ఏం చేస్తాది? మనిషికి ఒక చంకలో బియ్యం మూట పెట్టి పరిగెత్తమంటే ఎట్లా ఊగుతాడో అంతే.

చక్రాలు బిగించి టైర్ల షాపుకు పోయినా. షాపాయన నన్ను చూసి, "ఆర్ములు మారుద్దామా?" అన్నాడు.

"వెనక చక్రాలు మిషనుకు ఎక్కించు."

"వెనకవి అవసరం లేదని చెప్పినా కదమ్మా."

"నీకు అవసరం లేదులే. నా వెనక సీటుకు అవసరం."

గొణుక్కుంటూ ఎక్కించినాడు. తిప్పినాడు. రెండుపక్కలా చిన్న చిన్న సీసం ముక్కలు వేసినాడు. మళ్లీ తిప్పినాడు. మిషను సున్నాలు చూపించింది. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన్ను వెనకాల నడుమ కూచోబెట్టి తొంభై పోయినా.

"ఏమన్నా తెలుస్తాందా?"

"నిద్ర వస్తాంది" అన్నాడు.

సోమవారం పొద్దున టీచర్లు ఎక్కే పాల బూత్ కాడికి పోయేసరికి పెద్దాయన కారు ముందే నిలబడి ఉండాది. కడిగి, పూలదండ వేసి, డోరు కూడా తెరిచి పెట్టినాడు. నలుగురు టీచర్లూ రెండు కార్లకు నడుమ టిఫిన్ క్యారియర్లు పట్టుకుని నిలబడినారు, బస్సు ఏదో తెలియని ఊర్లో దిగినట్టు.

నేను దిగినా. బతిమాలే ముఖం పెట్టుకోలేదు, అది నాకు సరిగా అతకదు.

"మేడం, వెనక చక్రాల్లో బండల బురద గడ్డకట్టింది. మా ఆయన పోయించిన అరుగుదే. తీసేసినాం, బ్యాలెన్సింగ్ చేయించినాం. అయిపోయింది."

పెద్దాయన గట్టిగా నవ్వినాడు. "మొగుడు అరుగు కడితే కారు వణికిందంట! స్టాండంతా చెప్పుకుని నవ్వాల."

"చెప్పన్నా, అందరికీ చెప్పు. నా చేతులది కాదని కూడా దాంతోపాటు చెప్పు. రెండూ కలిపి చెప్పకుంటే నేనే వచ్చి చెప్తా."

పెద్దమేడం ఆ కారు చూస్తాంది, ఈ కారు చూస్తాంది. అప్పుడు చిన్నపాప నా ముందరికి వచ్చింది.

"నిజంగా పోయిందా అక్కా?"

"నా మాట నమ్మొద్దు పాపా. ఆయన మాటా నమ్మొద్దు. కూచుని చూడు. తొంభై పోతా. సీటు గిలగిల అంటే అక్కడే ఆపుతా, మీరు ఆయన కారు ఎక్కండి. ఆయన ఎట్లాగూ ఖాళీనే కదా, వెనకాల వస్తాడు."

"ఆమెను ముందర కూచోబెట్టు, నేను వెనక్కి పోతాలే" అంది పెద్దమేడం.

"వద్దు మేడం. ముందర కూచుంటే ఏం తెలుస్తాది? నాకు ఇన్ని రోజులు తెలిసిందా?"

చిన్నపాప వెనక డోరు తానే తీసుకుని ఎక్కింది. నడుమకు జరిగి కూచుంది. ఒకరు అట్లా ఎక్కినాక తక్కినవాళ్లు ఏం చేస్తారు, ఎక్కినారు.

పెద్దాయన నిజంగానే వెనకాల వచ్చినాడు. ఖాళీ కారు, పూలదండ, మంత్రికి కాన్వాయ్ మాదిరి. హైవే ఎక్కినాక డెబ్బై. ఎనభై. కారులో అందరూ తమ తమ నడుములతో వింటాండారు. తొంభై. స్టీలు బాక్సు మూత గమ్మున ఉండాది. ఖాజీపేట దాటేసరికి అద్దంలో పూలదండ చిన్నదైపోయి, తర్వాత కనపడలేదు. యాడ వెనక్కి మలుపుకున్నాడో నేను చూడలేదు. నా కండ్లు ముందర రోడ్డు మీదుండాయి.

అద్దం కొంచెం కిందికి తిప్పినా. చిన్నపాప తలకాయ పక్కమేడం భుజం మీదికి వాలింది. నోరు కొంచెం తెరుచుకుని ఉండాది. చెయ్యి కడుపు మీద లేదు, ఒళ్లో ఊరికే పడి ఉండాది.

"పాపా, మెల్లగా పో, లేస్తాది" అని పెద్దమేడం గుసగుసగా అంది.

"లేయదు మేడం" అన్నా. ముల్లు తొంభై మీదనే పెట్టినా.

చిన్నపాప బడి కాడ నిలిపి లేపాల్సి వచ్చింది. తడబడుకుంటూ దిగి, బ్యాగు భుజానికి తగిలించుకుని, రెండడుగులు పోయి, మళ్లీ వచ్చి కిటికీ కాడ వంగింది.

"సాయంత్రం ఎన్నింటికి వస్తావక్కా?"

పెద్దమేడం ముందర సీట్లో కదిలి పర్సు సర్దుకుంది.

"రోజూ వచ్చే టైముకే" అన్నా. "ఏం, ఇంకెవరన్నా వస్తారనుకున్నావా?"